వీపు వెనక పరుగు

పరుగు పోటీలకు వాలంటీరుగా ఎందుకు చేరాలనుకుంటున్నారని అడిగితే అందరి నోటా ఒకటే మాట: సేవ. ఒకడికి ఊరికే వచ్చే బూట్ల మీద కన్ను, ఇంకొకామెకు ఇంట్లో పొద్దుపోదు. అయినా నోరు తెరిస్తే సేవే. మేనత్త కూడా ఆ మాటే చెప్పి గట్టెక్కింది. ఆమెకు కావలసిందల్లా మేనకోడలి పరుగును కళ్లారా చూడడం. టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఇంటివాళ్లకిచ్చే పాసులు తమ్ముడి దగ్గరున్నాయి, తమ్ముడికీ ఆమెకూ మాటల్లేవు.

ఆ పిల్లకు పరుగు నేర్పింది ఆమే. తెల్లారకముందే లేపి, మారాం చేస్తే బుజ్జగించి, వెంట తనూ పరిగెత్తి నేర్పింది. పేరున్న కోచ్ దొరికేసరికి తమ్ముడి మాట మారిపోయింది.

"నువ్వు నేర్పింది మరిపించడానికే ఆయనకి తల ప్రాణం తోకకొచ్చిందట. ఇంక దాన్ని వదిలెయ్ అక్కా" అన్నాడు. ఆమె ఆ గుమ్మం తొక్కడం మానేసింది.

తీరా స్టేడియంలో ఆమెకు పడింది గ్యాలరీ ముందు కాపలా. సూపర్‌వైజర్ ఖరాఖండిగా చెప్పాడు. "ముఖం జనం వైపు, వీపు గ్రౌండ్ వైపు. వెనక్కి తిరిగారో, బ్యాడ్జి ఇచ్చేసి ఇంటికెళ్లడమే."

ఇంతోటి భాగ్యానికి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా సరిపోయేదని ఒళ్లు మండింది.

అంతలో ఎదుటి వరుసలోకి తమ్ముడూ మరదలూ వచ్చి కూర్చున్నారు. మరదలు ఈమెను చూసి మొగుడి చెవిలో ఏదో ఊదింది. తమ్ముడు తలెత్తి టోపీ కింది ముఖాన్ని తేరిపార చూశాడు. చూసి, ఫోన్లో పడ్డాడు.

మైకులో మేనకోడలి పేరు వినబడింది. బ్యాడ్జి పోతే పోనీ, తుపాకీ పేలగానే తిరిగి చూసేద్దామని మేనత్త తెగించింది. సరిగ్గా అప్పుడే తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"మేడమ్, కొంచెం పక్కకి జరగండి. మా అమ్మాయి కనబడట్లేదు."

ఒక కంచంలో తిని పెరిగినవాడు. ఆమె పక్కకు జరిగి, వాడి బూట్లకేసి చూస్తూ ఉండిపోయింది. తుపాకీ ఎప్పుడు పేలిందో, జనం ఎప్పుడు లేచి అరిచారో తెలియనే లేదు. తలెత్తేసరికి తమ్ముడు కళ్లు తుడుచుకుంటున్నాడు.

"అత్తా!"

వెనకనుంచి వచ్చింది ఆ పిలుపు. ఈసారి ఆమె ఆగలేదు, తిరిగింది. మేనకోడలు రొప్పుతూ కమ్మీల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది, మెడలో ఇంకా పతకం పడలేదు.

"నువ్వు రావడం కుదరదన్నావని నాన్న చెప్పాడే? సరేలే, వచ్చావు కదా. తుపాకీ పేలగానే నువ్వు నేర్పినట్టే తల దించుకుని లేచాను అత్తా. చూశావా?"

తమ్ముడు నేలచూపులు చూశాడు. మేనత్త ఆ పిల్ల చెమట తుడిచింది.

"చూడలేదమ్మా" అంది. "మీ నాన్నకి అడ్డొస్తున్నానంటే పక్కకి జరిగాను."