రేపమ్మ నిన్నన్న మాట

పొద్దున్నే పిండిమర తలుపులు తీయడం రేపమ్మ పని. తాళం తీసి, నేలంతా ఊడ్చి, కాటా పళ్ళాలు తుడిచి, మోటారు బెల్టు మీద ఒకసారి అరచెయ్యి వేసి చూసేది. అప్పటికే గుమ్మం ముందు గోధుమ సంచులు బారులు తీరి ఉండేవి. వరసలో నిలబడేది సంచులే, వాటి తాలూకు మనుషులు టీ తాగడానికి పోయేవారు. కొడుకు మోటారు వేశాడంటే ఇక సాయంత్రం దాకా ఆ గదిలో పక్కమనిషి తుమ్మినా వినబడదు. కోడలు తూకం వేసేది, రేపమ్మ కింద పిండి పట్టేది. పొద్దుగూకేసరికి ముగ్గురికీ కనుబొమలు తెల్లబడి, ఆ ఇంట్లో ముగ్గురూ ముసలివాళ్ళే అన్నట్టుండేది.

ఆమె అసలు పేరు ఆమెకే ఎప్పుడోగాని గుర్తురాదు. వీధి మొత్తానికి రేపమ్మే. ఎందుకంటే ఆమె ఇవాళ అన్న మాట రేపు వినబడుతుంది. పుట్టినప్పటినుంచీ అంతే. ఇవాళ పదింటికి పెదవులు కదిపితే రేపు పదింటికి, ఆమె ఎక్కడుంటే అక్కడ, ఆ మాట ఖంగుమని పలుకుతుంది. పుట్టగానే ఏడవలేదని మంత్రసాని కంగారుపడిందట. మర్నాడు అదే వేళకి, ఆదమరచి నిద్రపోతున్న పిల్ల దగ్గర్నుంచి కెవ్వుమని ఏడుపు వినబడితే, "ఓహో, కాస్త నిదానం పిల్లన్నమాట" అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయిందట.

అలవాటైతే ఏదైనా అలవాటే. పిండి ఎప్పుడిస్తావని అడిగినవాళ్ళకి వేళ్ళు చూపించేది. కబుర్లు కావలసినవాళ్ళు మర్నాడొచ్చి వినిపోయేవారు. కొడుకు చిన్నప్పుడు ఏ రాత్రికారాత్రి నిన్నటి జోలపాటతో నిద్రపోయాడు. మొగుడితో పోట్లాటలు మాత్రం చిక్కుగా ఉండేవి. ఆమె కోపమంతా చల్లారి, ప్రేమగా వడ్డిస్తున్న వేళకి నిన్నటి తిట్లు మొదలయ్యేవి. పాపం ఆయన, "ఇవి నిన్నటివేనా, ఇవాళ్టివి వేరే ఉన్నాయా?" అని అడిగి మరీ ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. ఆయన పోయే రోజు, ఊపిరి ఆడుతుండగానే, ఆయన చెవి దగ్గర వంగి ఆమె చాలాసేపు ఏదో చెప్పింది. అది మర్నాడు ఖాళీ మంచం పక్కన వినబడింది. అప్పట్నుంచి అసలైన మాటలు మనుషులకి చెప్పడం మానేసింది.

మరకి చెప్పడం మొదలుపెట్టింది. మర తిరిగేటప్పుడు అన్న మాట మర్నాడు మర తిరిగేటప్పుడే పలుకుతుంది కదా. అంటే ఇవాళా ఎవరికీ వినబడదు, రేపూ ఎవరికీ వినబడదు. గుట్టు దాచుకోవడానికి ఇంతకన్నా భద్రమైన చోటు ఎవరికి దొరుకుతుంది? రాళ్ళు అరిగినప్పుడు రాళ్ళ తాత వచ్చి ఉలితో గంట్లు కొట్టే రోజు ఒక్కటే మర ఆగేది. దానికి ముందురోజు ఆమె పెదవి కదిపేది కాదు. ఆ జాగ్రత్త ఎన్నడూ తప్పలేదు.

అలాంటి మనిషికి ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో స్నానాలగదిలో ఎర్రటి మరక కనబడింది. నెలసరి ఆగిపోయి ఎన్నో ఏళ్ళైంది. నీళ్ళు కొట్టి కడిగేసి, వేడి చేసిందిలే అనుకుంది. అనుకున్న మరుక్షణమే అక్క గుర్తొచ్చింది. అక్క కూడా అచ్చం ఆ మాటే అంది. వేడి చేసిందిలే, నీరసంలే, వయసులే అంటూ రెండేళ్ళు గడిపింది. ఆఖరి రోజుల్లో అక్క గదిలోకి వెళ్ళాలంటే వాసనకి ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకోవలసి వచ్చేది. ఒకసారి రేపమ్మ అలా గుడ్డ పెట్టుకోవడం అక్క చూసింది, చూసి మొహం గోడవైపు తిప్పుకుంది.

రెండోసారి మరక కనబడిన వారంలోనే ఆరోగ్యకేంద్రం నర్సమ్మ గోధుమలు పట్టించుకోవడానికి వచ్చింది. ఇంకా మోటారు వెయ్యలేదు.

"ముప్పై దాటిన ఆడవాళ్ళంతా మా కేంద్రానికి రావాలి," అంది కోడలితో. "గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న పుల్లతో తుడిచి పరీక్షకి పంపిస్తాం. కత్తీ లేదు, సూదీ లేదు. నువ్వు గోధుమలు తూచేలోపు అయిపోతుంది."

"ఏం పరీక్షండీ అది?"

"అక్కడ చేరే వైరస్ ఒకటుందమ్మా. కాపురం చేసినవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, దానంతటదే పోతుంది. పోకుండా ఏళ్ళ తరబడి తిష్ఠ వేసిందనుకో, అక్కడి కణాలు చెడతాయి. వదిలేస్తే క్యాన్సరవుతుంది. ముందే పట్టుకుంటే అంతదాకా రానివ్వం."

"అయితే మొగుళ్ళు తెచ్చిపెట్టేదేనా?" కోడలు నవ్వింది.

"ఎవరు తెచ్చారో ఎవరికి తెలుసు? జలుబు ఎవరంటించారని పంచాయితీ పెడతామా?" అని నర్సమ్మ రేపమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, నెలసరి ఆగాక మీకు మళ్ళీ ఎప్పుడైనా ఎరుపు కనబడిందా? కనబడితే మాత్రం ఈ పరీక్ష కోసం కూడా ఆగకూడదు, తిన్నగా డాక్టరు దగ్గరికి పోవాలి."

రేపమ్మ లేదని తల అడ్డంగా ఊపింది. మాటకే ఆలస్యంగాని తలకి ఆలస్యం లేదు. ఆ అబద్ధం అప్పటికప్పుడే చేరిపోయింది.

ఎందుకు ఊపిందంటే భయం. డాక్టరు దగ్గరికి వెళితే అదే అంటారు. వెళ్ళకపోతే ఇంకా ఏమీ కానట్టే. దానికి తోడు మొగుళ్ళ మాట ఒకటి ముల్లులా గుచ్చుకుంది. నిన్నటి తిట్లు తింటూ కాపురం చేసిన ఆ మంచి మనిషిని, పటమై గోడకెక్కాక, నలుగురూ బోనెక్కిస్తారు. ఆయన్ని కాకపోతే తనని ఎక్కిస్తారు. కోడలు మాత్రం ఆ మంగళవారమే వెళ్ళి పరీక్ష చేయించుకుంది. ఏమీ లేదని కబురొచ్చింది. "ఏం నొప్పి లేదత్తయ్యా, కాస్త సిగ్గంతే. మీరూ రండి," అంటే రేపమ్మ సంచుల వరస చూపించి, పని ఉందన్నట్టు చెయ్యి తిప్పేసింది.

మూడోసారి మరక పెద్దదే అయింది. ఆ రోజు మర హోరులో పిండి సంచి మూతి పట్టుకుని నిలబడి, రేపమ్మ కడుపులో ఉన్నదంతా మరకి చెప్పేసుకుంది. పెదవులు వణుకుతుంటే కొడుకు చూసి, నాన్న గుర్తొచ్చాడేమోలే అనుకున్నాడు. భయం పట్టిన మనిషికి వారాలూ తేదీలూ ఏం గుర్తుంటాయి! ఎన్నడూ తప్పని జాగ్రత్త ఆ రోజు తప్పింది.

మర్నాడు రాళ్ళ తాత సుత్తీ ఉలీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాక గాని ఆమెకి సంగతి తట్టలేదు. అప్పటికే కొడుకు బెల్టు విప్పేశాడు. తాతా తనూ కలిసి రాయిని ఊడదీసి నిలబెట్టి, బోల్టులు కొనడానికి బజారుకి పోయాడు. గదిలో ఈగ వాలితే వినబడేంత నిశ్శబ్దం. నిన్న చెప్పుకున్న వేళ దగ్గరపడుతోంది. పెరట్లో స్నానాలగదిలోకి పోయి గొళ్ళెం పెట్టుకుందామని అడుగేసింది.

"చెల్లెమ్మా, ఓ చెయ్యి వెయ్యి," అన్నాడు తాత. "రాయి దొర్లేట్టుంది. కోడలుపిల్ల అటు పట్టుకుంది, నువ్విటు పట్టుకో."

పట్టుకుంది. వదిలితే అంత బరువూ కోడలి కాళ్ళ మీద పడుతుంది. రాయికి ఆవల కోడలు, ఈవల తను, రెండు చేతులూ రాతికి అతుక్కుపోయి ఉన్నాయి. తాత ఉలి కొడుతున్నంతసేపూ కాస్త ఊపిరాడింది. కొట్టు, ఆపకు అని కళ్ళతోనే వేడుకుంది. తాతకి ఆ కళ్ళ భాష తెలియదు. గంటులో పేరుకున్న రాతిపొడి ఊదడానికి సుత్తి దించాడు.

అప్పుడు వినబడింది.

"మళ్ళీ కనబడింది. మూడోసారి. ఈసారి ఎక్కువే అయింది. అక్కకీ ఇలాగే మొదలైంది. నర్సమ్మ మొహం మీదే లేదని తలూపాను. వెళితే అదేనంటారు. అదేనంటే నేనేం కాను? నాకు చావాలని లేదు. పిల్లలకి ఏమని చెప్పను? నీకే చెబుతున్నా, నాకు చావాలని లేదు."

రేపమ్మ పెదవులు బిగబట్టింది. ఏం లాభం, అది ఇవాళ్టి నోరు కాదు కదా. కళ్ళు గట్టిగా మూసుకుని రాయిని పట్టుకునే ఉంది. తాత రాయి కింద చెక్క దూర్చి, "ఇక వదలండమ్మా, కదలదు," అని టీకి వెళ్ళిపోయాడు.

కోడలు ఇటువైపుకి వచ్చింది.

"మూడుసార్లా అత్తయ్యా? ఒక్కసారి నాతో అనలేకపోయారా? రేపయితేనేం, విని ఉండేదాన్ని కదా!"

రేపమ్మ తల అడ్డంగా ఊపింది, ఆసుపత్రి వద్దు వద్దన్నట్టు చేతులూ ఊపింది. కోడలు ఆ రెండు చేతులూ పట్టుకుంది.

"నాకూ కాళ్ళు వణుకుతున్నాయి. వణుక్కుంటూనే పోదాం. బట్టలు మార్చుకోండి."

పెద్దాసుపత్రి డాక్టరమ్మ కొన్ని ప్రశ్నలు అడిగింది. రేపమ్మ పెదవులు కదిపింది. కోడలు సంగతి చెబితే డాక్టరమ్మ సరేనని, "అయితే రేపు ఇదే వేళకి రండి, జవాబులు రాసుకుంటాను," అంది. ఆ రోజు పరీక్షబల్ల మీద లోపల చూసి, చిన్న ముక్క తీసి పంపించింది. ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో అన్నం ఎవరికీ సహించలేదు. కొడుకు మర నడుపుతూ, ఏ సంచి ఎవరిదో మర్చిపోయి, వీధిలో సగం మందికి ఒకరి పిండి ఒకరికి పోశాడు. అయినా ఎవరూ పోట్లాటకి రాలేదు.

"క్యాన్సరే," అంది డాక్టరమ్మ ఫలితం చూసి. రేపమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. "కానీ మొదట్లోనే దొరికింది, ఎక్కడికీ పాకలేదు. ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేద్దాం. ఎప్పుడొచ్చింది, ఎవరి వల్లొచ్చింది అని బుర్ర పాడుచేసుకోకండి పెద్దమ్మా, అది ఎవరూ చెప్పలేరు."

"ఇంకో ఏడాది ఇలాగే ఊరుకుని ఉంటేనండీ?" అడిగాడు కొడుకు.

"ఊరుకోలేదు కదా బాబూ," అంది డాక్టరమ్మ.

ఆపరేషన్ రోజు పొద్దున వార్డులో అందరూ రేపమ్మ ధైర్యాన్ని మెచ్చుకున్నారు. ఉలుకూ పలుకూ లేకుండా పడుకుని ఉంది మరి. థియేటరు తలుపు దగ్గర స్ట్రెచరు ఆగినప్పుడు ఆమె కోడలి కొంగు పట్టుకుని గబగబా ఏదో చెప్పింది. కోడలికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. తలుపు మూసుకుంది. ఆ తలుపు ముందు బల్ల మీద కూర్చున్నంతసేపూ కోడల్ని ఒక్కటే భయం పీకింది. అత్తయ్య మాట వినబడాలంటే అత్తయ్యకి రేపు ఉండాలి. లేకపోతే ఆ మాట ఎక్కడికి పోతుంది? మొగుడికి ఈ మాట చెప్పలేదు, చెబితే అతను తట్టుకోలేడు.

మర్నాడు ఆ వేళకి ఇద్దరూ మంచానికి చెరో పక్కన నిలబడి ఉన్నారు. రేపమ్మకి మెలకువొచ్చి చాలాసేపయింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి. నిన్న థియేటరు దగ్గర గడియారం చూసుకోలేదని కోడలు తనని తాను తిట్టుకుంటోంది. దాటిపోయిందేమో, రాదేమో అనుకుంటుండగా మంచం దగ్గర గొంతు పలికింది.

"అమ్మాయ్, నాకు ధైర్యం లేదే. ఒళ్ళంతా వణుకుతోంది. నన్ను లోపలికి పంపకు, ఇంటికి తీసుకుపో. వింటున్నావా? ఒసేయ్, నాకు భయంగా ఉందే!"

వార్డంతా విన్నది. రేపమ్మ సిగ్గుతో దుప్పటి ముక్కు దాకా లాక్కుంది. కొడుకు నవ్వబోయి ఏడ్చేశాడు.

"వింటున్నానత్తయ్యా," అంది కోడలు, నిన్నటి మాటకే జవాబుగా. "ఇక్కడే ఉన్నాను."

దుప్పటి కింద రేపమ్మ పెదవులు మళ్ళీ కదిలాయి, చాలాసేపు కదిలాయి. ఏమంటోందని కొడుకు కళ్ళు తుడుచుకుంటూ వంగి చూశాడు.

"రేపు తెలుస్తుందిలెండి," అని కోడలు స్టూలు దగ్గరికి జరుపుకుని, ఆ ఎండిన పెదవులకి తడిదూది అద్దింది.