సామర్లకోట దాకా

నిడదవోలు శివార్లలోని రొయ్యల ఫ్యాక్టరీకి హైదరాబాదు హెడ్డాఫీసువారు జ్ఞానం పంపించారు. అది అట్టపెట్టెలో, ఛార్జరుతో సహా వచ్చింది.

"ఇక పని మాన్పించి క్లాసులు చెప్పక్కర్లేదండీ. ఎవరికి ఏది ఎప్పుడు తెలియాలో, పని మధ్యలో ఈ టాబ్లెట్టే చెబుతుంది" అంటూ మేనేజరు శ్యాంబాబు దాన్ని క్వాలిటీ సూపర్‌వైజరు ఉషారాణి చేతిలో పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు. "పోయినసారి ఆడిటరుగారు ఏం రాశారో గుర్తుందిగా? చేతులు ఇరవై సెకన్లు కడగాలి, మనవాళ్ళు ఆరు సెకన్లలో కానిచ్చేస్తున్నారని. శుక్రవారం మళ్ళీ వస్తున్నారు. ఈసారి కూడా తప్పితే మీ కుర్చీలో దీన్నే కూర్చోబెడతామమ్మా. ఇది టీ కూడా అడగదు."

ఉషారాణి ఆ కుర్చీ కోసం రెండేళ్ళు ఎదురుచూసింది. దానికి ఒక చక్రం లేదు, కూర్చుంటే ఎడమకు ఒరుగుతుంది. అయినా తన కుర్చీ తనది. టాబ్లెట్‌ని తీసుకెళ్ళి రొయ్యలు ఒలిచే హాలు గుమ్మంలో, కుళాయిల పక్కన బిగించింది.

పద్ధతి తేలికే. చేతులు కడుక్కుని దాని ముందు నిలబడాలి. అది "హస్త ప్రక్షాళన ఇరవై క్షణముల పాటు గావించవలెను" అని పౌరాణిక నాటకం ఫక్కీలో చెబుతుంది. విన్నవాళ్ళు "అర్థమైంది" అనే బొమ్మ నొక్కాలి. నొక్కేది చేత్తోనే. దేన్నైనా ముట్టుకున్న చేతిని మళ్ళీ కడగాలని గోడ మీద రూలు. కడిగి వస్తే, కడిగిన చేతులు చూసి టాబ్లెట్ మళ్ళీ మొదలుపెడుతుంది.

అందరికంటే ముందు నిలబడిన సంపూర్ణమ్మ ఏడుసార్లు కడిగింది. ఇరవై ఏళ్ళుగా రొయ్యలు ఒలుస్తున్న మనిషి, ఆరోజు తొమ్మిదింటికి కూడా రొయ్య మొహం చూడలేదు. వెనక యాభైతొమ్మిది మంది ఆడవాళ్ళు వరసలో ఉన్నారు.

"ఉషమ్మా, ఇది నన్ను లోపలికి పంపుతుందా, మళ్ళీ బాప్తిస్మం ఇస్తుందా?" అంది సంపూర్ణమ్మ.

చేసేది లేక ఉషారాణి ఆ నొక్కే పనిని గేటు దగ్గరి వాచ్‌మన్ డేనియల్‌కి అప్పగించింది. అతను రొయ్యల జోలికి వెళ్ళడు కాబట్టి చేతులు ఎలా ఉన్నా ఫర్వాలేదు. స్టూలు మీద కూర్చుని అరవై మంది తరఫునా తనే అర్థం చేసుకున్నాడు. బుధవారానికల్లా, కంపెనీ మొత్తంలో అత్యధిక జ్ఞానం పొందిన ఉద్యోగి అని హెడ్డాఫీసు నుంచి అతని పేర సర్టిఫికెట్ వచ్చింది.

"సంతోషమేనండి మేడమ్. ఇంతకీ నాకేం అర్థమైందండీ?" అని అడిగాడు డేనియల్.

ఉషారాణి ఫోన్‌లో సెకన్లు పెట్టుకుని కుళాయిల దగ్గర నిలబడింది. అయిదున్నర. జ్ఞానం వచ్చాక అర సెకను తగ్గింది. పోనీ ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెడుతూ కడగమంది. చేపల వేలంపాటల్లో పెరిగినవాళ్ళు, ఇరవై అంకెల్నీ నాలుగు సెకన్లలో పాడేశారు.

గురువారం పొద్దున ఆమె మొహం చూసి సంపూర్ణమ్మకే జాలేసింది.

"ఇరవై సెకన్లు అంటావు. ఎంతసేపు ఉంటుందో చూపించమ్మా."

"సెకన్లని ఎలా చూపిస్తామండీ?"

"ఇక్కడ ఎక్కితే సామర్లకోట దాకా ఉన్న స్టేషన్లన్నీ చదువుతాను. నీ గడియారం చూడు."

సంపూర్ణమ్మ కుళాయి తిప్పి సబ్బు రుద్దుతూ నిడదవోలు, చాగల్లు, పశివేదల, కొవ్వూరు అంటూ బయల్దేరింది. గోదావరి వంతెన మీద కాస్త నెమ్మదించింది. సామర్లకోట చేరేసరికి ఇరవై ఒక్క సెకన్లు. ఉషారాణి ఆమె తడి చేతుల్ని పట్టుకోబోయి, రూలు గుర్తొచ్చి ఆగింది.

పదినిమిషాల్లో కుళాయిలన్నీ రైల్వే స్టేషను అయిపోయాయి. అయితే వరస చివర ముగ్గురు అయిదు సెకన్లకే చేతులు దులిపేశారు.

"అప్పుడే అయిపోయిందా?"

"మేం ఎక్స్‌ప్రెస్‌లో వచ్చామండి. నిడదవోలు, రాజమండ్రి, సామర్లకోట. మధ్యలో ఆగదు."

"ఈ కుళాయిల దగ్గర ఎక్స్‌ప్రెస్‌లు లేవు. అన్నీ ప్యాసింజర్లే" అని ఉషారాణి అక్కడికక్కడే ప్రకటించింది.

ఇంకో కుళాయి మాత్రం ఎంతకీ ఆగడంలేదు. నలభై సెకన్లు దాటింది.

"లోవలక్ష్మీ, సామర్లకోట ఎప్పుడో వెళ్ళిపోయింది."

"ఆయ్, చూశానండి. మా పుట్టిల్లు తునండి. పిఠాపురం దాటి అన్నవరం దాకా వచ్చేశాను. ఇంత దూరం వచ్చి అమ్మని చూడకుండా దిగిపోమంటారేంటి మేడమ్?"

తుని వచ్చేదాకా ఉషారాణి ఫోన్ పట్టుకుని నిలబడింది.

శుక్రవారం ఆడిటరుగారు తెల్లకోటు తొడుక్కుని వచ్చారు. గోడవార నిలబడి అరవై మందిని గడియారంతో చూశారు. పెదాలు కదులుతున్నాయి, చేతులు రుద్దుతున్నాయి, ఒక్కరూ ఇరవైకి తగ్గలేదు. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, తాను కూడా కుళాయి కింద చేతులు ఇలా పెట్టి అలా తీసి లోపలికి అడుగువేయబోయారు.

సంపూర్ణమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఎక్కడ దిగారండీ?"

"ఏంటమ్మా?"

"నాలుగు సెకన్లు. కొవ్వూరు కూడా రాలేదు. వెనక్కెళ్ళి మళ్ళీ ఎక్కండి."

కుర్చీ గంగలో కలిసిందనుకుంది ఉషారాణి. శ్యాంబాబు గోడవైపు తిరిగాడు. ఆడిటరుగారు సంపూర్ణమ్మను చూశారు, తన గడియారాన్ని చూసుకున్నారు, మెల్లగా కుళాయి దగ్గరికి నడిచారు.

"నాకు ఇటువైపు స్టేషన్లు తెలియవండి. మాది విశాఖపట్నం."

"అయితే అటునుంచి రండి, ఫర్వాలేదు" అంది లోవలక్ష్మి. "తుని వచ్చినప్పుడు మాత్రం మా అమ్మని అడిగానని చెప్పండి."

ఆయన దువ్వాడ, అనకాపల్లి అనుకుంటూ బుద్ధిగా సబ్బు రుద్దారు. తుని దగ్గర కుళాయి కట్టేస్తూ, "చెప్పానమ్మా" అన్నారు.

ఆడిట్ పాసైంది. "కార్మికులు అందరూ సామర్లకోట దాకా చేతులు కడుగుతున్నారు. అభినందనీయం" అని రిపోర్టులో రాశారు.

సోమవారం హెడ్డాఫీసు నుంచి శ్యాంబాబుకు ఉత్తరం వచ్చింది. అతను చదివి ఉషారాణికి అందించాడు. చేతులు కడుక్కోవడానికి కార్మికులను రోజూ సామర్లకోట దాకా ఎందుకు పంపుతున్నారు, ఫ్యాక్టరీలో నీళ్ళు లేవా, వెంటనే వివరణ ఇవ్వవలసింది.

ఉషారాణి జవాబు టైపు చేసింది.

"అందరూ ఇరవై సెకన్లలో వెళ్ళి పనిలోకి వచ్చేస్తున్నారు. ఒకామె మాత్రం తుని దాకా వెళుతోంది. నచ్చజెప్పి చూస్తున్నాము."