మూతలమ్మ సూది పరీక్ష

ఏదైనా మూత లేకుండా కనబడిందంటే ఆవిడకు ప్రాణం ఊరుకోదు. డబ్బా గానీ, సీసా గానీ, పెన్ను గానీ, వెతికి మరీ మూత పెట్టాల్సిందే. ఇంట్లోవాళ్ళు మూతలమ్మ అని ఏడిపించేది అందుకే. మంచి గుణమే, ఎవరు కాదన్నారు? కాకపోతే నలభై నాలుగేళ్ళ వయసులో లాబ్ టెక్నీషియన్ డిప్లొమా చదవబోతే అదే అడ్డం పడి కూర్చుంది.

పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ ఒక చిన్న రక్తపరీక్షల గదిలో సహాయకురాలు. అక్కడ వాడిన సూదికి తిరిగి మూత తొడిగాకే పారేసేవాళ్ళు. అది తప్పని చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. డిప్లొమా వస్తే అదే గదిలో టెక్నీషియన్ కుర్చీ ఆవిడది, రాకపోతే జీవితాంతం సీసాలు కడగడమే. రాతపరీక్షలు గట్టెక్కాయి. తీరా ప్రాక్టికల్‌లో, రబ్బరు చేతినుంచి చుక్క కారకుండా ఎర్రనీళ్ళు తీసి, సూదికి భద్రంగా మూత తొడిగేసింది. పరీక్షాధికారి ఎర్రగీత గీసి పంపేశాడు. గీయడూ మరి! మూత తొడగబోయి వేలికి గుచ్చుకుంటే రోగి జబ్బు మనకంటుకుంటుంది. వాడిన సూదిని వాడినట్టే, సూదులకని పెట్టిన తెల్ల డబ్బాలో పడేయాలి. ఆవిడకిక మిగిలింది ఒక్క అవకాశం, మూడు నెలల్లో.

"నేనేం చెయ్యనే? సూది చూస్తే చెయ్యి దానంతటదే పోతుంది. రిఫ్లెక్సు!" అంది ఆ సాయంత్రం, మెడిసిన్ చదివే కూతురితో.

"రిఫ్లెక్సూ లేదు, గాడిదగుడ్డూ లేదు. వేడిగిన్నె తగిలితే చెయ్యి లాక్కుంటావు చూడు, అదీ రిఫ్లెక్సంటే. మెదడుకి కబురందేలోపే వెన్నుపాము పని కానిచ్చేస్తుంది. నీది అలవాటమ్మా. మెదడు నేర్చుకున్నదే. మళ్ళీ ఇంకోలా నేర్పితే సరి."

అలా మొదలైంది. దర్జీ పని చేసే భర్త రోజూ మిషను ఆపి చెయ్యి చాపేవాడు. పెన్నే సూది. గుచ్చినట్టు చేసి, ఎడమచేత్తో దూది అదిమిపట్టి, కుడిచేత్తో పెన్నుని పాత రంగుడబ్బాలో పడేయాలి. ఎడమచేతికి దూది పని అప్పజెప్పితే అది మూతల జోలికి పోదని ఆవిడ ఉపాయం.

"ఏమే, ఇవాళ ఎన్ని సీసాల రక్తం లాగావు? కళ్ళు తిరుగుతున్నాయి," అనేవాడు ఆయన.

"చాల్లెండి సంబడం! చెయ్యి కదపకండి."

మూడు నెలలు తిరిగేసరికి ఆవిడ చెయ్యి దారికొచ్చింది గానీ, ఇంట్లో పెన్నులన్నీ మూతల్లేక ఎండిపోయాయి. నోట్సు రాసుకుందామంటే ఒక్కటీ రాసి చావట్లేదని కూతురు నెత్తీనోరూ కొట్టుకుంది.

పరీక్షనాడు మళ్ళీ ఆ ఎర్రగీత పెద్దమనిషే. అయినా సూది తీసింది, దూది అదిమింది, సూదిని డబ్బాలో పడేసింది. ఎడమచెయ్యి బుద్ధిగా ఉంది! గ్లవ్స్ తీసి చేతులు కడుక్కుంది. యాంటీబాడీల గురించి అడిగితే గడగడా చెప్పింది.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా," అంటూ ఆయన ముచ్చటపడి కొనుక్కున్న నల్లపెన్ను అందించాడు.

ఆవిడ సంతకం పెట్టింది. ఆ ఊపులోనే పెన్ను తీసుకెళ్ళి సూదుల తెల్ల డబ్బాలో పడేసింది.

ఇంకేముంది, సీసాలు కడగడమే గతి అనుకుంది ఆవిడ. ఆయన "అయ్యో నా పెన్ను!" అంటూ డబ్బా నోట్లో వేళ్ళు పెట్టబోయాడు.

"సార్!" ఆవిడ ఆయన మణికట్టు గభాల్న పట్టేసుకుంది. "అందులో చెయ్యి పెట్టకూడదండీ! పడిందేదైనా ఇక పోయినట్టే!"

ఆయన ఒకసారి డబ్బానీ, ఒకసారి తన వేళ్ళనీ చూసుకున్నాడు. మెల్లిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పెన్ను పడేశారే, అది రిఫ్లెక్సా?"

"కాదండీ, అలవాటే. పద్దెనిమిదేళ్ళది వదిలించుకుని మూడు నెలలది తెచ్చుకున్నాను."

ఆయనకు నవ్వాగలేదు. "సరే, మార్కులెయ్యాలి, మీ పెన్నివ్వండి."

ఆవిడ సంచిలోంచి ఒకటి తీసిచ్చింది. రాయలేదు. ఇంకోటీ రాయలేదు. మూడోదీ అంతే. సంగతి చెప్పేసరికి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వి, చివరికి సొరుగులోంచి పెన్సిల్ తీసి 'పాస్' అని రాశాడు. పెన్సిల్‌తో రాస్తే మాత్రం, పాసు పాసే కదా!

దారిలో ఆవిడ అరడజను పెన్నులు కొంది. కూతురు తలుపు తీయగానే ఆ పొట్లం చేతిలో పెట్టింది.

"పాసయ్యానే! ఇవిగో నీ పెన్నులు. మూతలు మాత్రం నువ్వే చూసుకోవాలి, నావల్ల కాదు."