ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు

తప్పు చేశానని లోర్నా బిక్‌ఫర్డ్‌కు తట్టింది క్లాసులో కాదు, ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంటున్నప్పుడు. చేతులు సబ్బు నీళ్లలో ఉన్నాయి. చెవుల్లో మాత్రం క్లాసంతా కలిసి చదివిన వాక్యం ఇంకా మోగుతోంది.

"ఆరేళ్లుగా నేను కాగితాలు లేకుండా ఉంటున్నాను."

నెబ్రాస్కాలో ఆ చిన్న ఊరికి మాంసం ఫ్యాక్టరీయే ఆధారం. అందులో పనిచేసే బయటి దేశాలవాళ్లకు చర్చి కింది హాలులో వారానికి రెండు సాయంత్రాలు లోర్నా ఇంగ్లీషు చెబుతుంది. బడిలో ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. ఆ రోజు పాఠం, ఎప్పుడో మొదలై ఇంకా సాగుతున్న సంగతిని ఇంగ్లీషులో ఎలా చెబుతారన్నది. ఎప్పటి నుంచి, ఎన్నాళ్లుగా. ఆ ఊళ్లో కొత్త ముఖం కనబడితే ముందు అడిగేది అదే. దుకాణంలో బిల్లు వేసే పిల్ల అడుగుతుంది, మంగలి షాపులో పక్క కుర్చీ ముసలాయన అడుగుతాడు. చలి ఎక్కువగా ఉంది కదా అన్నంత మామూలుగా అడుగుతారు.

జాన్ పదేళ్లుగా లండన్‌లో ఉంటున్నాడని పుస్తకంలో ఉంది. ఎవరికీ తెలియని జాన్ గురించి వల్లిస్తే నోటికి రాదని లోర్నా నమ్మకం. మీ గురించి నిజం చెప్పండి, నిజమైతే నిద్రలో లేపి అడిగినా వస్తుంది అంటుంది. ఎవరైనా తడబడితే పక్కవాళ్లు అందుకోవాలి, క్లాసు ఆగకూడదు. అది ఆమె పెట్టిన రెండో నియమం.

గ్వాటెమాలా నుంచి వచ్చిన యులాలియా ఆ రోజు లేచి, ఆరేళ్లు, కాగితాలు, లేను అంటూ ఏదో వంకరగా చెప్పింది. లోర్నాకు ఆ వంకరే వినబడింది, ఈ దేశంలో ఉండే అనుమతి లేదన్న సంగతి కాదు. సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద దాన్ని సరిచేసి, యులాలియా చేత మళ్లీ మళ్లీ చెప్పించి, తర్వాత క్లాసందరి చేతా చెప్పించింది. చక్కగా చెప్పావు అంటే యులాలియా సిగ్గుగా నవ్వింది కూడా.

గురువారం క్లాసులో ఆమెను పక్కకు పిలిచి, ఆ వాక్యం ఎక్కడా అనకు అని చెబుదామనుకుంది లోర్నా. మంచు తుపాను వచ్చి క్లాసు రద్దయింది. శనివారం విందు వచ్చేసింది.

ఏటా చలికాలంలో ఊరివాళ్లు తలా ఒక వంటకం తెచ్చి ఈ విద్యార్థులతో కలిసి తింటారు. నేర్చుకున్న మాటలు అసలైన మనుషుల మీద ప్రయోగించడానికి అదొక అవకాశం. యులాలియా పెద్ద ట్రే నిండా తమాలెలు, మొక్కజొన్న పిండిలో మాంసం కూరి ఆవిరి మీద ఉడికించినవి, పట్టుకొచ్చింది. లోర్నా ఆమె చెయ్యి పట్టుకుని వంటగదిలోకి తీసుకెళ్లబోతుండగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది. చర్చి పాటల బృందంలో పాడే జూన్ కెస్లర్ దిగింది. ఆమె వెనకే, ఎన్నడూ రాని మొగుడు డ్వేన్. షెరీఫ్ ఆఫీసులో డిప్యూటీ, అంటే పోలీసు. యూనిఫాం కూడా విప్పలేదు.

హాలులో మాటలు ఒక్కసారిగా తగ్గాయి. ఎవరూ లేచి వెళ్లలేదు, అంతే.

"డ్యూటీ నుంచి తిన్నగా వచ్చాడు, ఏమనుకోకండి. వాసన పసిగట్టాడంటే ఆగడు," అంది జూన్.

లోర్నా వాడికి మూడో తరగతి చెప్పింది. పోయిన నెల ఫ్యాక్టరీ దగ్గర కాగితాలు లేని ఇద్దరిని పట్టుకుని వ్యానెక్కించుకుపోయినప్పుడు, ఆ వ్యాను ముందు కారులో ఉన్నది డ్వేనేనని ఊళ్లో అనుకున్నారు. అది నిజమో కాదో ఆమెకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

కాఫీ పోస్తూ ఆమె యులాలియా వైపు నడవాలని చూసింది. ఒకరు పాలు అడిగారు, ఇంకొకరు మోకాలి నొప్పి గురించి చెప్పసాగారు. ఈలోగా డ్వేన్ ప్లేటు పట్టుకుని తమాలెల ట్రే ముందు ఆగాడు. ట్రే వెనక యులాలియా నిలబడి ఉంది.

"ఇవి మీరే చేశారా? అద్భుతంగా ఉన్నాయి," అన్నాడు నమిలుతూ. తర్వాత, అందరూ అడిగినట్టే, "మా ఊళ్లో ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు?"

లోర్నా కాఫీ జగ్గు బల్ల మీద పెట్టేసింది. యులాలియా వీపు నిటారైంది. ప్రశ్న వినబడగానే క్లాసులో లేచి నిలబడేది అచ్చం అలాగే. పెదాలు విడివడ్డాయి. "ఆరేళ్లుగా నేను," అంది, స్పష్టంగా, ఒక్క తప్పూ లేకుండా.

అక్కడ ఆగింది. ఎందుకు ఆగిందో, ఆ బెల్టుకున్న బిళ్ల కనబడిందో, లోర్నా ముఖం కనబడిందో.

"నేను పొద్దుటి నుంచి ఆకలితో ఉన్నాను సార్," అన్నాడు పక్కనే ఉన్న అబ్దీ, సోమాలీ కుర్రాడు. "ఈవిడేమో వరసలో రమ్మంటోంది."

"నేను రెండేళ్లుగా నైట్ షిఫ్టులో ఉన్నాను," అంది అవతల ఇంకొకామె వెంటనే.

"పెళ్లయినప్పటి నుంచి నేను మా ఆవిడ మాట వింటున్నాను," అన్నాడు బల్ల చివరి నుంచి ఒకాయన.

డ్వేన్ పగలబడి నవ్వాడు. "ఆ విషయంలో మనిద్దరిదీ ఒకటే కథ," అన్నాడు. ప్లేటులో ఇంకో తమాలె వేసుకుని కదిలాడు. యులాలియా ట్రే అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

అంతా అయ్యాక లోర్నా వంటగదిలో కప్పులు కడుగుతుంటే డ్వేన్ తన కప్పు తెచ్చి సింకు పక్కన పెట్టాడు.

"మీ క్లాసు భలే తయారైంది, మిసెస్ బిక్‌ఫర్డ్. అడిగితే చాలు, అందరూ అప్పజెబుతున్నారు." చేతులు తుడుచుకున్నాడు. "ఆ తమాలెలావిడే చెప్పలేదు. ఎన్నాళ్ల నుంచి ఉంటోంది ఇక్కడ?"

కుళాయి నీళ్లు ధారగా పడుతున్నాయి. లోర్నా కట్టేయలేదు. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి నేను కాదన్నందుకు వీణ్ణి గోడకేసి నిలబెట్టింది తనే. నిజం చెబితే ఏమీ అనను అని బతిమాలింది కూడా తనే.

"మొదటి నుంచీ ఉంది," అంది. "నీకు గుర్తుండదులే. మీ జూన్ కంటే ముందొచ్చిన కుటుంబం."

డ్వేన్ ఆమెను చూస్తూ నిలబడ్డాడు. జూన్ ఈ ఊరొచ్చే ఇరవై ఏళ్లయింది. అది వాడికీ తెలుసు, ఇందాక ఆరేళ్లన్న మాటా విన్నాడు.

"మీరు చెబితే ఇంకేముంది," అన్నాడు చివరికి. నవ్వాడో లేదో ఆమె తలెత్తి చూడలేదు. బూట్ల చప్పుడు మెట్లెక్కి, పైన చర్చి గచ్చు మీదుగా పోయి, ఆగిపోయింది. కారు స్టార్టయిన చప్పుడు మాత్రం చాలాసేపు వినబడలేదు.

మంగళవారం లోర్నా బోర్డు తుడిచేసి, కుర్చీని మెట్లకు ఎదురుగా లాక్కుని కూర్చుంది. పుస్తకం తెరవమంది. ఇక మీద ఎవరూ తమ గురించి చెప్పనక్కర్లేదు, జాన్ గురించి చెబితే చాలు అంది.

యులాలియా లేచింది.

"జాన్ పదేళ్లుగా లండన్‌లో ఉంటున్నాడు," అని చదివింది. తర్వాత గొంతు తగ్గించి, "జాన్‌కు కాగితాలున్నాయా, మిస్ లోర్నా?" అంది.

అబ్దీ కిసుక్కున నవ్వాడు. లోర్నా జవాబు చెప్పబోయింది. పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది, మెట్ల మీద బూట్లు. అందరూ అటు చూస్తుండగా, ముందుగా మెట్ల మీద ప్రత్యక్షమైంది జూన్ కెస్లర్ చేతిలోని తమాలెల ఖాళీ ట్రే. ఆ వెనక ఇంకో జత బూట్లు దిగుతున్నాయి.

"తర్వాతవాళ్లు అందుకోండి," అంది లోర్నా. "క్లాసు ఆగకూడదు."