ఎడమ చేతి నాడి

ఆడవాళ్లకి ఎడమ చేతి నాడే చూడాలన్నది శాస్త్రం. స్వరాజ్యం వచ్చి ఏడేళ్లయినా ఆ పద్ధతి మారలేదు. ముమ్మిడివరం వైద్యుడు శర్మగారు తులసి ఎడమ మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. చివరికి లేచి, నాడి అందడం లేదు, పిల్లని మంచం దింపమని రాజ్యంతో చెప్పేశారు.

ఒక్కగానొక్క కూతురు. గుండె రాయి చేసుకుని రాజ్యం చాప పరిచింది. చాప మీద పడుకున్న తులసి, తలనొప్పిగా ఉంది గానీ ఆకలేస్తోందంది. ఏడవాలో అన్నం పెట్టాలో రాజ్యానికి పాలుపోలేదు. అన్నమే పెట్టింది.

మర్నాడు పడవ మీద కొత్తపేట తీసుకెళ్లింది. డాక్టరు రాహేలుగారు రెండు చేతులకీ పట్టీ చుట్టి రక్తపు పోటు చూశారు. ఎడమ చేతికి ఏమీ తెలియలేదు. కుడి చేతికి రెండు వందల పది! గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాలు వాచాయనీ, ఎడమ చేతికి పోయే దారి పూడిపోయిందనీ, ఒంట్లో మాత్రం పోటు విపరీతంగా ఉందనీ ఆవిడ విడమరిచి చెప్పారు. సర్పగంధి మాత్రలిచ్చి, ఉప్పు ముట్టుకోవద్దన్నారు.

రాజ్యానికి అంతా అయోమయం. ఒక చేతిలో అసలు లేనిది ఇంకో చేతిలో ఎక్కువెలా అవుతుంది? రోజూ పొద్దున్నే ఎడమ మణికట్టు తడిమేది. నాడి తగిలేది కాదు. రక్తం లేని పిల్లకి చప్పిడి తిండేమిటని, పప్పులో రహస్యంగా ఉప్పు వేసేది. చిటికెడుతో కొంపలు మునుగుతాయా అనుకుంది, పిచ్చితల్లి.

పదహారో రోజున తులసికి కళ్లు మసకబారాయి. మళ్లీ కొత్తపేట. ఈసారి రెండు వందల ముప్ఫై. రాజ్యం ఉప్పు సంగతి ఒప్పేసుకుంది. డాక్టరుగారు కసురుకోలేదు. రాజ్యం వేళ్లు పట్టుకుని తులసి కుడి మణికట్టు మీద పెట్టారు. అక్కడ నాడి వేళ్లని ఎగదన్నుతోంది.

"భయపడాల్సింది దీన్ని చూసండమ్మా. మీరు ఆ చేతిని చూసి భయపడుతున్నారు."

రాజ్యం వేళ్లు తియ్యలేకపోయింది. తన చేతులతో తనే పెట్టింది కదా ఇదంతా.

"ఉప్పు వేసేవని నాకు తెలుసే అమ్మా," అంది తులసి. "నేను తింటుంటే నీ మొహం వెలిగిపోయేది. అందుకని తినేశాను."