ఎర్టా ఆలే అంచున బేబీ

పీణ్య పారిశ్రామికవాడలో ఇనుము పోత పోసే చిన్న ఫౌండ్రీ బేబీది. భర్త పోయాక దాన్ని మూసేయమన్నవాళ్లే ఎక్కువ. ఆమె మూయలేదు. అరవైకి దగ్గరపడినా పొద్దున్నే ఫర్నేస్ ముందు ఆమే నిలబడుతుంది. కూతురు చాందిని వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెలవు దొరికితే చాలు, ఎడారులూ అగ్నిపర్వతాలూ వెతుక్కుంటూ పోతుంది.

ఆ ఏడాది ఇథియోపియాలోని ఎర్టా ఆలే అగ్నిపర్వతానికి స్నేహితురాలు ఫర్హానాతో వెళ్లాలనుకుంది. తీరా ఫర్హానాకు సెలవు దొరకలేదు.

"నేనొస్తా పద," అంది బేబీ.

"జోక్ కాదమ్మా. మంట పుట్టే ఎడారి అది. రాళ్ల మీద గంటల తరబడి నడవల్ల."

"వేడి నాకేమన్నా కొత్తనా?"

బేబీ అన్న పద్మనాభం విని నవ్వాడు. "ఈ వయసులో కాశీకి పోవల్ల గానీ, నిప్పుల కొండకు యాడికి పోతావు?"

"కాశీ యాడికీ పోదులే అన్నా. కాళ్లు బాగుండంగానే ఆ కొండ సూసొస్తా."

మర్నాటి నుంచే బూట్లేసుకుని నడక మొదలుపెట్టింది.

ఇథియోపియాలోని దనాకిల్ ఎడారిలో తెల్లటి ఉప్పు నేల దాటాక, నల్లగా గడ్డకట్టిన లావా రాళ్లు మొదలయ్యాయి. గైడ్ బేబీ నెరిసిన జుట్టు చూసి ఒంటెను తెప్పించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎక్కమ్మా," బతిమాలింది చాందిని.

"నడిచేదానికే వచ్చినా."

సగం దారిలో చాందినికే కళ్లు తిరిగాయి. వాంతి చేసుకుని రాయి మీద కూలబడింది. బేబీ ఆమెకు నీళ్లలో ఓఆర్ఎస్ కలిపి తాగించి, ఆ ఒంటె మీద ఎక్కించింది. తాను పక్కనే నడిచింది. ఎక్కడా ఆగలేదు. ఒంటె మీంచి తల్లిని చూస్తుంటే చాందినికి సిగ్గు వేయలేదు. గర్వంగా అనిపించింది.

పొద్దు గుంకుతుండగా అంచుకు చేరారు. కింద ఎర్రటి లావా కుతకుతలాడుతోంది. వేడిగాలి ముఖానికి కొడుతున్నా బేబీ చాలాసేపు కదల్లేదు.

"ఇన్నేండ్లు ఇనుము కరిగించినా చాందినీ. నిప్పంటే నాకు తెలుసనుకుంటి. ఇంత నిప్పు రాజేసేది మనుషుల వల్ల అయ్యేది కాదు."

గైడ్ దగ్గరికొచ్చి ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"ఈ వయసులో ఇట్లా నడిచొచ్చినోళ్లను చాలా తక్కువ మందిని చూసినాడంట," చెప్పింది చాందిని.

"వయసు మాట తీసేసి చెప్పమను."

చాందిని అలాగే చెప్పింది. గైడ్ పకపకా నవ్వి, బేబీకి చేయి అందించి, వయసు మాట లేకుండా మళ్లీ చెప్పాడు.

తిరిగొచ్చాక ఫౌండ్రీలో అచ్చులు కట్టే చెన్నరాయప్ప ఫోన్‌లో ఫోటో చూసి నమ్మలేకపోయాడు. వెనక ఎర్రటి వెలుగు, ముందు బూడిద పట్టిన ముఖం.

"ఇది మీరేనామ్మా?"

"నేనేనప్పా. ఇంకెవురు?" అంది బేబీ. ఆ వారమే ఆ ఫోటో పెద్దది చేయించి, వచ్చినవాళ్లకు కనపడేలా ఆఫీసు గోడకు తానే మేకు కొట్టి తగిలించింది.