సిరా ఆరకముందే

నల్లకోటు మీద సిరా పోసినవాడి తెలివికి దండం పెట్టాలి. కోటుకు ఏమీ కాలేదు. మెడలోని తెల్లబ్యాండూ, ఎడమ చెంపా మాత్రం తడిసి ముద్దయ్యాయి. నాకు కాపలాగా పంపిన కానిస్టేబుల్ తన యూనిఫాం పాడవకుండా ముందే పక్కకు తప్పుకున్నాడు.

"రక్షణ కావాలంటే ఇంకో అర్జీ పెట్టుకోండి మేడం," అన్నాడు పైగా.

"మొదటి అర్జీకి వచ్చింది నువ్వేగా నాయనా!"

జైలు గేటు ముందు గుంపు ఇంకా అరుస్తూనే ఉంది, హంతకుడి తరఫున వాదిస్తానా అని. హత్యను కళ్లారా చూసిన సాక్షి కేసు కాగితాల్లో ఒక్కడూ లేడు. ఆ సంగతి వీళ్లకు అక్కర్లేదు. కొరివితో తల గోక్కోవడమెందుకని ఇంట్లో మా అత్తగారి గోల. తోటి లాయర్లయితే నేను కనబడితే కుర్చీలు జరుపుకుంటున్నారు.

ఇంతా చేస్తే, ఎవరి కోసం ఈ పాట్లన్నీ పడుతున్నానో ఆ తాపీమేస్త్రికే నేను వద్దు. మా తమ్ముడి వయసువాడు. ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుతుందని ఎవరో చెవిలో ఊదారు. రేపు కోర్టులో నేరం ఒప్పుకుంటాడట!

"ఫీజు లేకుండా వాదిస్తానంటే ఏం నమ్మనమ్మా?" అన్నాడు కిందటిసారి. "ఊరికే కట్టమంటే నేను గోడెలా కడతానో నాకు తెలీదూ?"

తల గోడకేసి బాదుకోవాలనిపించింది.

ఈరోజు నా మొహం చూసి లేచి నిలబడ్డాడు. "ఎవరమ్మా ఈ పని చేసింది?"

"నీ కేసు వదిలేయమనేవాళ్లు."

"వదిలేస్తారా?"

"వదిలేసేదాన్నయితే ఇంటికెళ్లి మొహం కడుక్కోనూ?"

నా చెంప మీది సిరా వైపు మళ్లీ చూశాడు. "పనికిరాని లాయరైతే వాళ్లకింత కష్టమెందుకులే. కాగితం ఇలా ఇవ్వండి."

ఇరవై ఏళ్ల నా ప్రాక్టీసు నమ్మించలేనిది ఒక సిరాబుడ్డి నమ్మించింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నన్ను లాయరుగా పెట్టుకుంటున్నట్టు వకాల్తా కాగితం మీద అతను వేలిముద్ర వేయాలి. జైలు గుమాస్తా తెచ్చిన స్టాంపు ప్యాడు ఎండి అట్టకట్టింది. "కొత్తది రేపు మధ్యాహ్నం వస్తుంది మేడం," అన్నాడు. కేసు పొద్దున్నే.

నాకు తిక్కరేగింది. మెడలోని బ్యాండు ఊడదీసి బల్ల మీద పరిచాను.

"ఇంకా ఆరలేదు. ఒత్తు."

మేస్త్రి బొటనవేలు దానిమీద అద్ది, కాగితం మీద నొక్కాడు. ముద్ర నీలంగా, గీతగీతా తెలిసేలా పడింది.

"మరి రేపు నేనేం చెప్పాలమ్మా?"

"ఏం చెప్పకు. మాట్లాడేది నేను."